నాకు ఇంగ్లీషు నిజంగా ఎలా వచ్చిందంటే

సహోదరులారా, ఫోన్ మోగితే చెమటలు పట్టే డ్రైవరును మీరెక్కడైనా చూశారా? నేనే ఆ డ్రైవరును. మాది కోదాడ, నా పేరు యాకోబు, హైదరాబాదులో యాప్ బుకింగుల మీద కారు నడుపుతూ వారానికొకసారి ఇంటికి వచ్చేవాణ్ణి. ఎంత ఇరుకు సందులోనైనా బండి తిప్పగలను గానీ, అవతలి మనిషి "హలో, వేర్ ఆర్ యూ?" అన్నాడంటే చాలు, నాలుక అంగిలికి అతుక్కుపోయేది, ఏం చెప్పాలో తెలియక తెలుగులోనే గట్టిగా అరిచేవాణ్ణి, గట్టిగా అరిస్తే ఏ భాషైనా అర్థమవుతుందని నా భ్రమ! వాళ్లు విసుక్కుని బుకింగ్ క్యాన్సిల్ చేసేవారు, నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ చీకటి దినాల్లోనే ఒక ఉదయం, గుండె జబ్బుతో దవాఖానకు వెళ్లాల్సిన ఒక పెద్దాయన కోసం అపార్టుమెంటు ముందు ఆగాను. ఆయనది మన భాష కాదు. కిందికి రావడం ఆలస్యమైంది, యాప్‌లో వెయిటింగ్ టైమ్ అయిపోయింది. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేసి, మనం తెలుగులో "మీ టైమ్ అయిపోయింది సార్" అంటాం కదా, అదే మాటను నాకొచ్చిన నాలుగు ముక్కల్లో పెట్టి, "సార్! యువర్ టైమ్ ఈజ్ ఓవర్!" అని అరిచాను. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. కానీ గుండె పట్టుకుని బయలుదేరిన ఆ పెద్దాయనకు, నీకు చావు మూడిందని ఎవరో చెప్పినట్టు వినబడింది! ఆయన లిఫ్టు దగ్గరే కూలబడ్డాడట. డ్రైవరు బెదిరించాడని ఆయన కూతురు ఫిర్యాదు చేసింది. దేవుని కృపవల్ల ఆయనకేమీ కాలేదు గానీ కంపెనీవాళ్లు నా ఐడీ ఆపేశారు, ఇక బుకింగులు రావు.

ఇంటికి వచ్చి మూడు దినాలు ఉపవాసమున్నాను. "తండ్రీ, స్టీరింగ్ పట్టడం తప్ప నాకు వేరే పని రాదు, నా నోరే నా కూటికి అడ్డం పడ్డది, ఈ నోటిని నువ్వే విప్పాలె" అని ఏడ్చి ప్రార్థించాను.

ఇంతవరకు మీరు ఈ పత్రికలోనే వచ్చిన నా మొదటి సాక్ష్యంలో చదివారు. ఆ తరువాత, మూడవ దినం తెల్లవారేసరికి నా నాలుక సడలి ఇంగ్లీషు దానంతటదే వచ్చిందని, అది ఆత్మ ఇచ్చిన భాషల వరమని కూడా చదివారు. సహోదరులారా, అది అబద్ధం. నన్ను క్షమించండి. ఉపవాసం నిజం, ప్రార్థన నిజం, దేవుడు జవాబివ్వడం మరీ నిజం, కానీ ఆ జవాబు ఏ దారిన వచ్చిందో నేను దాచిపెట్టాను.

అది నా భార్య దారిన వచ్చింది. ఆమె పేరు సువార్త.

మూడవ దినం నా ముందు గంజి పెట్టి, ఆ పెద్దాయనతో ఏమన్నావో ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, వెంటనే కోపం తెచ్చుకుంది. "దవాఖానకు పోయే ముసలాయనకు నీ టైమ్ అయిపోయిందంటవా? డ్రైవరువా, మరణదూతవా?"

ఆమె మిర్యాలగూడలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి పది వరకు చదివింది. అక్కడి వార్డెనమ్మ కేరళ మనిషి, తెలుగు రాదు, ఉప్పు కావాలన్నా ఇంగ్లీషులోనే అడగాలి. అలా నేర్చుకున్న భాషను, పెళ్లైన కొత్తలో ఆమె నోట విన్నప్పుడు "వచ్చిందండీ దొరసాని" అని నలుగురిలో ఎగతాళి చేశాను. ఇరవై ఏళ్లు ఆమె మళ్లీ ఆ భాష ఎత్తలేదు. ఆమె నోరు మూసి, నా నోరు విప్పమని దేవుణ్ణి అడిగినవాణ్ణి నేను!

అప్పుడు నాట్ల కాలం. సువార్త అనంతగిరి వైపు నాట్లకు పోయేది, నేను ఖాళీగానే ఉన్నాను కాబట్టి ఆమెతోపాటు వెళ్లి గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఆమె వంగి నారు పెడుతూనే పాఠం చెప్పేది. పుస్తకం లేదు, ఏబీసీడీలు లేవు. "ముందుగాల అరుసుడు బంద్ చెయ్. ఎక్కడున్నవో చెప్పు, బండి రంగు చెప్పు, వాళ్లు ఆలస్యమైతదంటే 'ప్లీజ్, టేక్ యువర్ టైమ్' అను."

"టైమ్ ఆయనదే గదా, నేను తీస్కోమనుడేంది?"

"తొందర లేదు, నిమ్మళంగ రా అనుడయ్యా!"

పక్కన నాటువేసే ఆడవాళ్లు ఊరుకుంటారా? నేను "ఐ యామ్ వెయిటింగ్ అవుట్‌సైడ్" అని గొణిగితే వాళ్లంతా ఒక్కసారిగా పాటలాగా అందుకునేవారు. వాళ్లలో పెద్దది యాదమ్మ. "అన్నా, జర గట్టిగ చెప్పు, మేం గూడ అవుట్‌సైడే ఉన్నం, మోకాళ్లల్లోతు బురదల!" అనేది. పొలమంతా నవ్వు!

అన్నిటికంటే నాకు నోరు తిరగని వాక్యం ఒకటుంది. "ఐ మేడ్ ఎ మిస్టేక్." తప్పు చేశాను అని. నేను ఎన్నిసార్లు దాన్ని "మిస్టేక్ హ్యాపెన్" అని దాటవేయబోయినా సువార్త ఒప్పుకోలేదు. "తప్పు దానంతటదే అయితదా? చేసినోడు లేడా? చేసిన అను." చివరికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ వాక్యమే చెప్పాను, అరవకుండా చెప్పాను, ఆ పెద్దాయనను క్షమాపణ కోరాను, నా ఐడీ తెరిచారు! దేవునికే మహిమ!

ఇంత మేలు పొందినవాణ్ణి ఏం చేయాలి? సూర్యాపేటలో జరిగిన కూడికలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పమని పిలిచారు. మైకు దగ్గరికి వెళ్లేదాకా నా భార్య పేరు నా నోట్లోనే ఉంది. ఎదురుగా తోటి డ్రైవర్లు కూర్చున్నారు. పెండ్లాం దగ్గర, అదీ వరిమడిలో, చదువు నేర్చుకున్నానని మగవాళ్ల ముందు ఎలా చెప్పడమని సిగ్గేసి, ఆ సిగ్గును కప్పడానికి పరిశుద్ధాత్మ పేరు వాడుకున్నాను! అందరూ చప్పట్లు కొట్టారు. సువార్త మాత్రం కొంగు ముందుకు లాక్కుని తల దించుకుంది. బస్సులో ఒక్క మాటే అంది. "నా పేరు చెప్పకపోతే పాయె. దేవుని పేరు మీద అబద్ధమెందుకు ఆడినవ్?" ఆ తరువాత పత్రికలో వేశారు, మిర్యాలగూడకు పిలిచారు, అక్కడా అదే చెప్పాను. అనంతగిరి దారిన మాత్రం పోవడం మానేశాను, యాదమ్మ ఎదురైతే ఏమంటుందోనని.

ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి రాజారత్నం అనే తమ్ముడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అతనూ డ్రైవరే. వాళ్ల వీధిలో ఒక టీచరమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటూ ఉండేవాడట, నా సాక్ష్యం విని అది మానేసి ఉపవాసాలు మొదలుపెట్టాడు. మనిషి సగమయ్యాడు. "అన్నా, నీకిచ్చిండు గదా, నాకెందుకు ఇయ్యలే? నా పాపమే గంత పెద్దదా? నేనంటే దేవునికి పడనప్పుడు మందిరానికెందుకని బంద్ చేసిన" అని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను మాత్రం, "ప్రార్థించు తమ్ముడూ" అని పంపేశాను, అంత పిరికివాణ్ణి!

అతను తాగకుండా వదిలేసిన టీ గ్లాసు చేతిలో పట్టుకుని సువార్త అంది. "ఆ పిలగాడు ఇంగ్లీషు రాలేదని ఏడ్వలేదు. దేవునికి అక్కర లేనని ఏడ్చిండు. ఇగ నీ ఇష్టం."

అప్పుడు నేను మోకరించాను. "ప్రభువా, నా నోరు విప్పమని అడిగిన, విప్పినవ్, దాంతోనే నీ బిడ్డను నీకు దూరం చేసిన. ఇంకొక్కసారి విప్పు తండ్రీ, ఈసారి నిజం చెప్పడానికి."

తరువాతి కూడిక సూర్యాపేటలోనే. రాజారత్నాన్ని బతిమాలి రప్పించాను. అతను లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను మైకు పట్టుకున్నాను, "సహోదరులారా" అన్నాను, అంతే, పాత రోజుల్లో ఫోన్ మోగినప్పటిలాగే నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఎవరో దగ్గారు. అప్పుడు ఆడవాళ్ల చాపల మీదనుంచి, ఇరవై ఏళ్లు నేను మూయించిన ఆ గొంతు, నలుగురిలో, స్పష్టంగా వినబడింది.

"టేక్ యువర్ టైమ్."

సహోదరులారా, నా నాలుక కట్టు తెగింది! "నేను తప్పు చేశాను" అన్నాను. తప్పు జరిగింది అనలేదు, చేశాను అన్నాను. గంజి, గట్టు, నాట్లు, యాదమ్మ పాట, అన్నీ చెప్పాను. నవ్వినవాళ్లు నవ్వారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు, పాస్టరుగారు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. కళ్లు తుడుచుకుని చూస్తే రాజారత్నం చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. హల్లెలూయ!

ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక మా వరండాలో సువార్త పాఠం చెబుతుంది. రాజారత్నం మొదటి వరుస. యాదమ్మ కూడా ఒకరోజు వచ్చి, "ఏమన్నా, మా బురదల దిగింది ఆత్మనా, సువార్తనా?" అని అడిగింది. "ఇద్దరూ దిగిండ్రు యాదమ్మా, నాకే కనబడలే" అన్నాను.

దేవుడు ఇచ్చేది ఆకాశం నుంచే ఊడిపడాలని చూడకండి, మీ ఇంట్లో గంజి పోస్తున్న చేతిని ఒకసారి చూడండి. నాలాగా అబద్ధంలో ఇరుక్కున్నవాళ్లు ఉంటే ఆయన దగ్గరికి రండి, భయపడకండి. ఆయన మీ గుమ్మం ముందే ఆగి ఉన్నాడు, వెయిటింగ్ టైమ్ అయిపోయిందని క్యాన్సిల్ చేసేవాడు కాడు, నాలాగా అరిచేవాడు అసలే కాడు. నిమ్మళంగానే దిగి రండి, కానీ రండి! నా నోటిని రెండుసార్లు విప్పిన ఆ దేవునికి, ఆయన నాకిచ్చిన నా భార్యను బట్టి, స్తోత్రం.