తాళంచెవి నా దగ్గరే ఉండేది

ఆ ఎండాకాలమంతా మా అపార్ట్‌మెంట్ కమిటీని అందరూ తాళాల కమిటీ అన్నారు. వెనకాల అలా అనేవాళ్లు, ఎదురుపడితే నమస్తే పెట్టేవాళ్లు. దానికి సెక్రటరీని నేనే. తాళంచెవి మా వంటింట్లో క్యాలెండర్ పక్కన మేకుకి వేలాడుతుండేది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అలాంటివాడి చేతికి తాళంచెవి ఇవ్వకూడదని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే ఉండేది.

మాది అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో అయిదంతస్తుల బిల్డింగు. కరోనా మొదటిసారి వచ్చినప్పుడు పై ఫ్లోర్‌లో ఒకింటివాళ్లు జ్వరాలు దాచిపెట్టారు. మాత్రలు మింగుతూ లిఫ్టులో తిరిగారు, పాలప్యాకెట్ల దగ్గర నిలబడి కబుర్లు చెప్పారు. వాళ్లకేం కాలేదు. వాళ్ల ఎదురింటి పెద్దాయన భార్య మాత్రం పోయింది. ఆయన మాసబ్ ట్యాంక్‌లో ఏదో ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, మా అసోసియేషన్ ప్రెసిడెంటు. భార్య ముఖం కూడా ఆయనకి సరిగ్గా చూపించలేదు, సంచీలో చుట్టి తీసుకెళ్లిపోయారు. రెండోసారి కరోనా ముదిరినప్పుడు ఆయన మీటింగ్ పెట్టాడు. ఇక మాటలతో పని లేదు, ఎవరింట్లో పాజిటివ్ వస్తే ఆ ఇంటి గ్రిల్ గేటుకి బయట్నుంచి కమిటీ తాళం పడాల్సిందే అన్నాడు. ఎవరూ నోరెత్తలేదు. ఆయన ముఖం చూస్తూ ఎవరెత్తుతారు? మనకా హక్కు ఎక్కడిదండీ అని అడగాల్సింది నేను, నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి. తాళం కొనుక్కొచ్చింది కూడా నేనే.

తాళం వేసి వదిలేశామనుకునేరు. ఆ ఇంటికి కావాల్సినవన్నీ మేమే మోశాం. పాలు, కూరలు, మందులు, వేణ్ణీళ్లలో వేసుకునే పసుపుతో సహా గ్రిల్ బయట స్టూలు మీద పెట్టి, బెల్ కొట్టి నాలుగు మెట్లు దిగి నిలబడేవాళ్లం. లోపలివాళ్లు గ్రిల్ సందుల్లోంచి చెయ్యి పెట్టి తీసుకునేవాళ్లు. వేలికి తగిలించి ఊపిరి కొలిచే చిన్న మిషను ఒకటి కొన్నాం, బిల్డింగుకంతా అదొక్కటే. ఏ ఇంటి నుంచి ఏ ఫోను వచ్చినా పొడుగు నోటుబుక్కులో టైముతో సహా రాయాలి. ఎవరు ఏమడిగారు, మనం ఏం చేశాం. అది పెద్దాయన ఆఫీసు అలవాటు. ఆ పుస్తకం కూడా నా దగ్గరే ఉండేది. మొత్తం మూడిళ్లకి తాళాలు వేశాం, వాటిలో రెండు తీశాం, వాళ్లు బాగైపోయి మాకు దండాలు పెట్టారు.

మూడో ఇల్లు భాయ్ వాళ్లది.

భాయ్‌కి మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు. నేను సాఫ్ట్‌వేర్ కోర్సులు చెబుతాను, నా నోట్సు పదహారేళ్లుగా అక్కడే జిరాక్స్. నా చేతిరాత నాకే అర్థంకాని చోట ఆయన చదివి చెప్పేవాడు. నేను ఏలూరు నుంచి వచ్చినవాణ్ణి, ఆయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు. నేను గారు అంటుంటే ఆయన పడీ పడీ నవ్వేవాడు. ఒక్క సిగరెట్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. ఇంట్లో కాల్చనివ్వరు, టెర్రస్ మీదికి వచ్చేవాడు. మా ఆవిడ ఆరేసిన బట్టలన్నీ పొగ కంపు. నేను మీటింగుల్లో అరిచేవాణ్ణి. ఆయన మెట్లెక్కుతూ, “సార్, గుస్సా గావద్దు, ఒక్క దమ్ము కొట్టొస్త” అని కన్ను గీటేవాడు. రంజాన్ నెల వస్తే మాత్రం పగలంతా టెర్రస్ ప్రశాంతం. సాయంత్రం ఉపవాసం విడిచే సైరన్ మోగాకే ఆయన పైకొచ్చేది. ఏడాదికి ఈ ఒక్క నెలే మా బట్టలకి ముక్తి భాయ్ అని నేను ఏడిపించేవాణ్ణి.

ఆ ఏడు రంజాన్ నెలలోనే ఆయనకి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. కూతురు పెళ్లై టోలీచౌకీలో ఉంటుంది. తాళం వేయడానికి నేనే వెళ్లాను. ఆయన గ్రిల్ అవతల కుర్చీ వేసుకుని కూర్చుని, సరిగ్గా పడిందో లేదో లాగి చూడుండ్రి సార్ అన్నాడు. హాస్యానికే అన్నాడు. నేను నిజంగానే లాగి చూశాను.

అయిదో రోజు పదకొండున్నరకి ఇంటర్‌కమ్ మోగింది. నాకు ఆన్‌లైన్ క్లాసు నడుస్తోంది, నెట్ ఆగి ఆగి వస్తోంది, వినపడట్లేదు సార్ అని అరవై మంది ఒకేసారి రాస్తున్నారు. ఆ చికాకులో ఫోనెత్తాను. భాయ్ భార్య. గొంతు చాలా మెల్లగా ఉంది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

“అన్నా, ఈయన పొద్దుగాలకెల్లి దమ్ము దమ్ము అంటుండు. జర తాళం తియ్యుండ్రి, గాలికి మీదికి తీస్కపోత.”

నాకు మండుకొచ్చింది. దమ్ము. మీదికి. టెర్రస్. బిల్డింగంతా ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంటే ఈయనగారికి సిగరెట్ కావాల్సొచ్చిందా అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు.

“దమ్ము లేకపోతే మనిషేం చచ్చిపోడమ్మా. పది రోజులు ఓర్చుకోమనండి.”

ఆమే ఫోన్ పెట్టేసింది. నేను పుస్తకం తీసి రాశాను. పదకొండున్నర, మూడో అంతస్తు, సిగరెట్‌కి పైకి వెళ్లాలని అడిగారు, కుదరదని చెప్పాను. నా అక్షరాలు ఆ రోజు చాలా బాగా వచ్చాయి, ఇప్పుడు చూసినా ఒక్క కొట్టివేత ఉండదు.

పావుగంటకి మళ్లీ మోగింది. నేను ఎత్తలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమైందో కనుక్కోండి, కనీసం ఆ మిషనన్నా పంపించండి అంది. ఆ మిషను పెద్దాయన ఇంట్లో ఉంది, ఒక అంతస్తెక్కి తేవాలి. క్లాసయ్యాక చూద్దాంలే అన్నాను. క్లాసు రెండింటికి అయింది. అన్నం తిన్నాను. తిని పడుకున్నాను కూడా. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పడుకున్నమాట నిజం.

భాయ్ భార్య అంబులెన్సుకి ఫోన్లు చేస్తూనే ఉందట, ఒక్కటీ తగల్లేదట. కూతురింట్లోనూ జ్వరాలే. అయినా నాలుగున్నరకి కూతురూ అల్లుడూ ఆటో మాట్లాడుకుని వచ్చి మా తలుపు బాదారు. ఆ అమ్మాయి చెయ్యి చాపింది. తాళంచెవి ఇచ్చాను. తర్వాత నేనూ వెనకాలే దిగాను. భాయ్ గ్రిల్‌కి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నల్లబడిపోయాయి. నన్ను చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలీదు. గుర్తుపట్టాడనే నా అనుమానం. ఆటోలో పంజాగుట్ట వైపు తీసుకెళ్లారు, అక్కడ బెడ్డు లేదన్నారు, లక్డీకాపూల్ వెళ్లారు, అక్కడా లేదన్నారు. చివరికి ఎక్కడో దొరికింది. మూడో రోజు పోయాడు.

పొద్దున్నే తెచ్చుంటే అని అక్కడి డాక్టరు అన్నాడట. పొద్దున్నే తీసుకెళ్లినవాళ్లు కూడా ఎంతమందో పోయిన రోజులవి. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారీ పనిచెయ్యలేదు.

కబురు వచ్చిన రోజు కింద గేటు దగ్గర వాచ్‌మెన్ నిలబడి ఏడుస్తున్నాడు. పాలమూరు వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. ఊరుకోబెట్టాలని, సిగరెట్లు ఎక్కువ కాల్చేవాడు కదయ్యా, ఆ రోజు కూడా దమ్ము కావాలని అడిగాడు అన్నాను. అతను ఏడుపు ఆపి నా ముఖంలోకి చూశాడు. ఏమన్నడని అడిగాడు. ఫోన్లో ఆయన భార్య అన్న మాట అన్నట్టే చెప్పాను.

“గది సిగరెట్ గాదు సార్. దమ్ము అంటే ఊపిరి. ఊపిరాడ్తలేదని చెప్పింది గామె.”

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. మావైపు దమ్మున్న మగాడంటే ధైర్యం, దమ్ము కొట్టడమంటే సిగరెట్. అంతకు మించి ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు. వాళ్ల భాష నాకు నవ్వుకోవడానికే పనికొచ్చింది. ఛీ, ఏం బతుకు! ఊపిరాడట్లేదని ఒక ఆడమనిషి మొరపెట్టుకుంటే, ఊపిరి లేకపోతే మనిషేం చచ్చిపోడని జవాబు చెప్పాను. ఆమె విన్నది అదే. ఆ మాట విని, పెట్టేసి, తాళం అవతల అయిదు గంటలు కూర్చుంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. పొరపాటు అంటుందేమో, ఎవరికైనా జరుగుతుందిలే అంటుందేమో అని కాచుక్కూర్చున్నాను. ఆమె పప్పు రుబ్బుతోంది. ఆపి, తల ఎత్తకుండానే అంది.

“రంజాన్ నెలలో, పగలు, ఆయన సిగరెట్ ముట్టడం మీరెప్పుడన్నా చూశారా?”

చూడలేదు. నాకు తెలుసు. బిల్డింగు మొత్తం మీద ఆ సంగతి బట్టలారేసే మా ఇంటికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. పదకొండున్నరకి ఆయన సిగరెట్ అడగడు. జబ్బుతో ఉపవాసం మానేసినా అడగడు, అలాంటి మనిషి. అంటే ఆ మాట నాకు అర్థం కాలేదని పూర్తిగా ఎలా చెప్పను? ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే అర్థమయ్యేదే. ఆగడం ఇష్టం లేక ఆగలేదు. క్లాసు నడుస్తోంది, టెర్రస్ కోపం పాతది, తాళం కొత్తది. అనుకూలమైన అర్థం చేతికందింది, పట్టుకున్నాను. ఇవాళ్టికీ నాకు తెలిసింది ఇంతే.

పెద్దాయనకి చెప్పాను. ఇంకెవరికీ అంటుకోలేదు కదయ్యా అన్నాడు. నిజమే, అంటుకోలేదు. ఆ తర్వాత మా బిల్డింగులో ఎవరూ పోలేదు. తాళం పనిచేసింది. ఆయన్ని తిడదామన్నా నోరు రాలేదు, భార్య ఫొటో కిందే కూర్చుని ఉన్నాడు.

నలభై రోజులయ్యాక భాయ్ భార్య ఇల్లు ఖాళీ చేసి కూతురు దగ్గరికి వెళ్లిపోతోందని తెలిసింది. మొహం చూపించలేక ఆ పూట తలుపేసుకుని లోపలే ఉన్నాను. ఆమే బెల్ కొట్టింది. చేతిలో కమిటీ తాళం. గ్రిల్‌కి అలాగే వేలాడుతోందట, మీది మీకిద్దామని తెచ్చానంది. టేబుల్ మీద పెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ పుస్తకం ఉందా అని అడిగింది. తెచ్చాను. ఆమెకి ఉర్దూ వచ్చు, తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు.

“ఆ దినం నేనేం చెప్పిన్నో గిండ్ల రాసుంటరు కద అన్న, జర చదువుండ్రి. అమ్మీ, నీకు తెలుగు సక్కగ రాదు, నువ్వే ఏందో తప్పు చెప్పినవని బిడ్డ అంటుంది. నాకు సుత గదే ఫికర్ అయితుంది. నిద్ర పడ్తలేదు.”

పేజీ తీశాను. సిగరెట్‌కి పైకి వెళ్లాలని అడిగారు. నా చక్కని అక్షరాలు. అది చదివితే ఆమె మాటే ఆమె భర్తని చంపిందని బతికున్నన్నాళ్లూ అనుకుంటుంది. నేను మాత్రం బయటపడతాను. భాష తెలియక జరిగిన పొరపాటు, పాపం ఎవరిదీ కాదు. ఒక్క వాక్యం చదివితే చాలు.

పేజీ మీద వేలు పెట్టి, అందులో లేనిది చదివాను. “పదకొండున్నర. మూడో అంతస్తు. ఊపిరాడట్లేదు, తాళం తీయండని అడిగారు.”

ఆమె కళ్లు మూసుకుంది. నలభై రోజుల నుంచి బిగబట్టుకున్నదేదో వదిలేసినట్టు గోడకి ఆనుకుంది. సక్కగనే చెప్పిన అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. నాకు అంత ఘోరంలోనూ కొంచెం తేలికైంది. ఒక్క మంచిపనైనా చేశాననుకున్నాను.

తర్వాత కళ్లు తెరిచింది. కోపంగా చూడలేదు. తెలియని సంగతి అడిగినట్టే అడిగింది.

“మరి ఎందుకు తియ్యలే అన్నా?”

తాళం మా ఇద్దరి మధ్యా టేబుల్ మీద ఉంది. ఆమె జవాబు కోసం నిలబడింది. నేను పుస్తకం మూసేశాను.