వాయించని పిల్లనగ్రోవి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒకరోజు జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఎంతసేపటికీ కదలదు. నాకు కాలు నిలవడం లేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నాకన్నా అన్యాయం. లేస్తాడు, కూర్చుంటాడు, డ్రైవరు కోసం కిటికీలోంచి తొంగిచూస్తాడు. ఆయన పక్కన ఎనిమిదేళ్ల పాప చేతులు కట్టుకుని కూర్చుంది.

"అయివారూ, నీళ్లు" అంది పాప.

"మీ బళ్లో పిల్లా?" అని అడిగాను.

"నా కూతురేప్పా. పులివెందుల కాడ పల్లెలో నేనొక్కణ్ణే అయివారిని. బళ్లో నాయనా అనొద్దంటి. ఇంట్లో గూడా అదే అలవాటయింది" అని నవ్వాడు. "ఎవురు అల్లరి చేసినా మొదటి దెబ్బ దీనికే. లేకుంటే సొంత బిడ్డని ఇడిచిపెట్టినాడంటారు గదా."

ఆయన సంచిలోంచి పిల్లనగ్రోవి కొస కనబడుతోంది. ఊరికే కూర్చోలేక, "బస్సు కదిలేదాకా రోంత వాయించండి అయివారూ" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. లేచి నిలబడి పిల్లనగ్రోవిని సర్రున లాగాడు. ఆ అలికిడికి, అప్పుడే కునుకు తీస్తున్న పాప ఉలిక్కిపడి లేచింది. తండ్రి చేతిలో కర్ర చూసి, కళ్లు గట్టిగా మూసుకుని, అరచెయ్యి చాపింది.

ఆయన ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. పిల్లనగ్రోవి సంచిలో పెట్టేసి, ఆ చిన్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ప్రొద్దుటూరు వచ్చేదాకా ఇక లేవలేదు.

తర్వాత నేనూ ముప్పై ఏళ్లు అయివారిగా పనిచేశాను. గోడమీది పటంలో పెన్నానది చూపించడానికి కూడా వేలే వాడేవాణ్ణి.