బుల్లిబాబు హస్తవాసి

మా బుల్లిబాబు వైద్యం చదువుకోలేదు. ఆ మాటకొస్తే మా ఊళ్లో ఎవరూ ఏదీ పూర్తిగా చదువుకోలేదు, అక్కడి బళ్లో లెక్కలు చెప్పిన నాతో సహా. నందిగామలో ఒక పెద్ద డాక్టరు దగ్గర తొమ్మిదేళ్లు కాంపౌండరుగా పనిచేసి, ఆయన కాలం చేశాక, 1994లో వత్సవాయి అవతల మా ఊరొచ్చి రోడ్డు పక్క గదిలో బల్ల వేసుకున్నాడు. బోర్డు మీద పేరుకు ముందు డాక్టర్ అని రాయడానికి పెయింటరు జంకాడు. “రాసెయ్యవయ్యా, అడగొచ్చేదెవరు?” అని ధైర్యం చెప్పింది నేనే. ఈ కథలో నా పాపం అక్కడ మొదలు.

మనిషి మంచివాడు. పిలిస్తే తింటున్న కంచం ముందు నుంచి లేచి వచ్చేస్తాడు. చంటిపిల్లల్ని నవ్వించి సూది వేస్తాడు. వీటన్నిటికీ మించి అతనికి హస్తవాసి ఉందని పేరు. మా వైపు డిగ్రీ కన్నా హస్తవాసి పెద్దది. డిగ్రీ కాలేజీ వాళ్లిస్తారు, హస్తవాసి దేవుడిస్తాడు. అందుకని మావాళ్లు జగ్గయ్యపేటలో పెద్ద డాక్టరుకి చూపించుకుని, అక్కడే మందులు కొనుక్కుని, బస్సు దిగి నేరుగా బుల్లిబాబు గదికి వచ్చేవారు. “ఓసారి నీ చేత్తో ఇవ్వు బాబూ” అని పొట్లం అతని చేతిలో పెట్టి, మళ్లీ అతని చేతి నుంచి అందుకునేవారు. ఆ తరవాతే అది మందు కింద లెక్క. నా బీపీ మాత్రలు నేనూ అలాగే తీసుకున్నాను. లెక్కల మేష్టర్ని అయ్యుండి తీసుకున్నాను.

ఆ పేరుకి అసలు పెట్టుబడి చలిజ్వరం. వానలు వెనకబట్టి మునేటి ఒడ్డున గుంటలు నిలిచాక, సరిగ్గా పత్తి తీతలప్పుడు ఊరి మీద పడేది. ప్రభుత్వం తరఫున ఊళ్లు తిరిగే నర్సమ్మ దేవమణి వచ్చి, వేలు పొడిచి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకుపోయేది. దాని ఫలితం పైనుంచి తిరిగొచ్చేసరికి జ్వరమో, మనిషో, ఎవరో ఒకరు వెళ్లిపోయి ఉండేవారు. ఈలోగా ఆవిడ ఇచ్చే తెల్లమాత్రలు కాకరకాయ సిగ్గుపడేంత చేదు. మింగితే కడుపులో తిప్పుతుంది, ఒళ్లంతా దురద. జనం ఆవిడ ముందు నోట్లో వేసుకుని, ఆవిడ సందు మలుపు తిరగ్గానే పెంట మీద ఉమ్మేవారు.

బుల్లిబాబు కూడా మొదట్లో ఆ చేదువే ఇచ్చేవాడు. 1996లో బెజవాడ నుంచి స్కూటరు మీద ఒక ఏజెంటు వచ్చాడు. సగం ధరకే మాత్రలు, పైగా గదికో గోడ గడియారం. ఆ మాత్ర చేదు లేదు, దురద లేదు, వికారం లేదు. “మందంటే అదీ! మింగినట్టే తెలీదు” అని ఊరు ఊరంతా మెచ్చుకుంది. నిజమే, మింగినట్టు జ్వరానికి కూడా తెలిసేది కాదు.

అయితే చలిజ్వరానికి ఒక మర్యాద ఉంది. రోజు విడిచి రోజు వస్తుంది. ఇవాళ మంచం అదిరేలా వణికించి, రేపు సెలవు తీసుకుంటుంది. ఇవాళ బుల్లిబాబు మాత్ర ఇచ్చేవాడు, రేపు మనిషి లేచి కూర్చుని చారన్నం అడిగేవాడు. “చూశారా చేతి మహిమ!” అనుకునేవాళ్లం. ఎల్లుండి మళ్లీ వణుకు పట్టుకుంటే, “పథ్యం తప్పి ఉంటాడు, వంకాయ తిని ఉంటాడు” అనేవాళ్లం. తగ్గితే పేరు బుల్లిబాబుకి, తిరగబెడితే నింద వంకాయకి. ఆ ఏళ్లలో మా ఊళ్లో వంకాయ పడ్డన్ని మాటలు ఏ సర్పంచీ పడలేదు.

పనులు కూడా జ్వరం వీలునిబట్టే నడిచేవి. కూలీల ముఠా మేస్త్రి బసవమ్మ తన మనుషుల్ని రెండు జట్లుగా విడదీసింది. ఇవాళ జ్వరం వచ్చేవాళ్లు రేపు పత్తికి, రేపు వచ్చేవాళ్లు ఇవాళ పత్తికి. జ్వరం ఎవరికీ తగ్గకపోయినా పని మాత్రం ఆగడం లేదని మేమంతా ఆమె తెలివిని మెచ్చుకున్నాం. సగం చేతులతో తీయలేక మిగిలిపోయిన పత్తి మంచుకు తడిసి నల్లబడింది. పాడి గేదెలు సంతకి నడిచాయి. ఆడవాళ్ల ముఖాలు నెత్తురు లేక పాలిపోయాయి. వీటన్నిటినీ గ్రహచారం అనుకుని ఊరుకున్నాం.

1999లో పున్నమ్మ కొడుకు భవానీప్రసాద్ పోయాడు. ఇరవై రెండేళ్లవాడు, ట్రాక్టరు తోలేవాడు. తండ్రి లేడు, ఉన్న మూడెకరాలకీ ఆ తల్లీకొడుకులే. నాలుగు రోజులు బుల్లిబాబు ఇచ్చిన మాత్రలు వేసుకున్నాడు. అయిదో రోజు మతి తప్పింది. నందిగామ చేరకుండానే బస్సులో, తల్లి ఒళ్లో ప్రాణం పోయింది.

“ఆయుష్షు తీరింది అత్తా. చెయ్యగలిగిందంతా చేశా” అన్నాడు బుల్లిబాబు ఆమెతో. ఏడుస్తూనే అన్నాడు, నమ్మే అన్నాడు. ఆమె కూడా నమ్మింది. పైగా పెద్దకర్మనాడు అతనికి కొత్త పంచె పెట్టింది. ఆ పంచె తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2001లో జ్వరం బుల్లిబాబు ఇంటికే వచ్చింది. భార్య రత్తమ్మకి తన మాత్రే తన చేత్తో ఇచ్చాడు. మర్నాడు లేచింది, మూడోనాడు పడిపోయింది. మళ్లీ ఇచ్చాడు, మళ్లీ అదే వరస.

“మన చెయ్యి మనింట్లో పనిచెయ్యదేమోనండి మేష్టారూ” అన్నాడు దిగులుగా.

రత్తమ్మ మనుషుల్ని పోల్చుకోలేకపోతుంటే నేనే వెళ్లి దేవమణిని పిలుచుకొచ్చాను. ఆవిడ రోగిని చూసింది. నందిగామకి జీపు మాట్లాడమంది. జీపు వచ్చేలోగా బల్ల మీది డబ్బాలోంచి ఒక మాత్ర తీసి నాలికకి తాకించి చూసి, ఇంకోటి బుల్లిబాబు చేతిలో పెట్టింది.

“నమలండి అన్నయ్యగారూ.”

“నాకు జ్వరం లేదు కదమ్మా.”

“దాంట్లో మందూ లేదు. నమలండి.”

నమిలాడు. అయిదేళ్లుగా ఊరందరికీ పంచిన మందు రుచి అతనికి అప్పుడే తెలిసింది. చప్పగా, పిండిలా ఉంది. దేవమణి తన సంచిలోంచి ఇంకోటి తీసి నాలిక మీద పెట్టుకోమంది. అతని ముఖం వంకర తిరిగింది, కళ్ల నీళ్లు కారాయి. చేదుకే అనుకున్నాను. “పున్నమ్మత్త కొడుకు...” అని గోడకి ఆనుకుని కూలబడ్డాక గాని నాకు అర్థం కాలేదు.

రత్తమ్మ బతికింది. మరుసటి నెల ఏజెంటు వస్తే బుల్లిబాబు కాలరు పట్టుకున్నాడు. వాడు కాలరు సర్దుకుంటూ, “మీ పేషెంట్లెవరైనా కంప్లయింటు చేశారా సార్?” అన్నాడు. ఎవరూ చెయ్యలేదు. చెయ్యాల్సినవాడు చేసే స్థితిలో లేడు. నేను మందులు తనిఖీ చేసే పై ఆఫీసుకి అర్జీ పెట్టాను. సీలు తియ్యని డబ్బా, కొన్న బిల్లు జతచేసి పంపవలసిందని పదకొండు నెలలకి జవాబొచ్చింది. బిల్లు రాసిచ్చేంత బుద్ధిమంతుడు సుద్ద ఎందుకు అమ్ముతాడో ఆ ఆఫీసుకే తెలియాలి.

బుల్లిబాబు బోర్డు పీకేస్తానన్నాడు. దేవమణి వద్దంది.

“ఈ మాత్రలు నేనిస్తే ఉమ్మేస్తారు. ఇవే మీ చేత్తో ఇవ్వండి, మింగుతారు. ఆ పేరుతో ఇన్నాళ్లూ చెడు జరిగింది, ఇప్పుడు మంచి చేద్దాం.”

అలాగే చేశాడు. ఊరు ముఖం చిట్లించింది. “బుల్లిబాబు చెయ్యి చేదెక్కిందే!” అన్నారు. దురదకి గోక్కున్నారు, అతన్ని తిట్టుకున్నారు, అయినా మింగారు. ఆ ఏడు బసవమ్మ రెండు జట్లనీ కలిపేసింది.

అతనికి మాత్రం తిండి సయించేది కాదు. పున్నమ్మ ఇంటి వీధిన నడవడం మానేశాడు. “చెప్పెయ్యమంటారా మేష్టారూ?” అని రోజూ అడిగేవాడు. “చెబితే నీ పేరు పోతుంది. నీ పేరు పోతే ఈ మాత్రలు కూడా మింగరు” అనేవాణ్ని. అందులో నిజం ఎంతో, బోర్డు రాయించిన నా భయం ఎంతో నాకే తెలీదు.

2002 తీతల్లో పున్నమ్మకి జ్వరం వచ్చింది. తనే నడిచి వచ్చి, కొంగు కప్పుకుని గది ముందు అరుగు మీద కూర్చుంది. దేవమణి వేలు పొడిచి చుక్క తీసింది. బుల్లిబాబు నాలుగు మాత్రలు ఆమె అరచేతిలో వేశాడు, ముఖం చూడకుండా. ఆమె ఒకటి నోట్లో వేసుకుని ఆగిపోయింది.

“ఇంత చేదుందేంటి బాబూ?”

“మందు చేదుగానే ఉంటదత్తా.”

“మావాడికిచ్చింది చేదు లేదే. మింగలేకపోతుంటే నీళ్లల్లో నూరి నేనే పట్టా. ఎట్టుందోనని గరిటె నాకి చూశా. చప్పగా ఉంది.”

“కంపెనీ మారిందమ్మా” అన్నాను నేను. అబద్ధం నా నోట్లో ఎంత సిద్ధంగా ఉందో! బుల్లిబాబు నా వైపు చూడలేదు. అరుగు దిగి ఆమె ముందు కింద కూర్చున్నాడు.

“అది మందు కాదత్తా. సుద్ద. నాకప్పుడు తెలీదు. తెలుసుకోలా. నువ్వు చూసినట్టు ఒక్కసారి నోట్లో వేసుకు చూసినా తెలిసేది. చూళ్లేదు.”

శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. మన్నెత్తి పోస్తుందనుకున్నాను. ఆమె అతని తల వైపు చూసింది. నోట్లో మాత్ర అలాగే కరుగుతోంది, పెదవుల చివర తెల్లగా కనిపిస్తోంది. అరచేతిలో మిగిలిన మూడు మాత్రలూ అరుగు మీద, అతనికి అందేలా పెట్టింది. పెట్టి, దేవమణి వైపు చెయ్యి చాపింది.

“నువ్వియ్యమ్మా.”

దేవమణి బుల్లిబాబు ముఖం చూసి, ఆ మాత్రలే తీసి ఆమె చేతిలో పెట్టింది. పున్నమ్మ నీళ్లు అడగలేదు. ఒక్కొక్కటే నమిలి మింగింది.