మోరీ పక్కన నీలం కుర్చీ

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఫోన్ గ్రూపులో తెలిసింది. హసన్‌పర్తిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరి బస్సులో కూర్చున్నాను. చర్చి స్త్రీల సమాజం గ్రూపులో పాస్టరమ్మ గారు రెండే వాక్యాలు పెట్టారు. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట, దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. ఆ మాటల కింద రెండు చేతులు జోడించిన దండం బొమ్మలు వరసగా దిగడం మొదలైంది. ఒకటి, దాని కింద ఇంకొకటి, చూస్తుండగానే ఫోన్ నిండిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ దండం బొమ్మతోనే ఆమె నిరుటి వానల నుంచి కొట్లాడుతూ వచ్చింది.

ఆడవాళ్ల గ్రూపులో నీకేం పని అని మీరు అడగవచ్చు. టైపింగ్‌కు మనిషి కావాలని మేనత్తే నన్ను చేర్చింది. వద్దంటే వినే రకం కాదు.

సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మామయ్య పోయాక వరంగల్‌లో నేతవాళ్లు ఎక్కువగా ఉండే ఒక గల్లీలో ఒక్కతే ఉండేది. ఒక్కచోట నిలవదు. చాయ్ నిలబడే తాగేది. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చేది. ఆ గుణం నాకూ వచ్చిందని మా నాన్న విసుక్కుంటాడు. సాయంత్రం ఒక్క గంట మాత్రం ఇంటి ముందు మురుగునీళ్లు పారే తెరిచిన మోరీ పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోన్‌ను చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూసేది. అప్పుడు కూడా ఒక కాలు ఊగుతూనే ఉండేది.

దవాఖాన నుంచి ఆమె వెంట ఇంటికొచ్చిన మాట ఒకటుంది. ఎవరైనా వచ్చి ఒళ్లంతా నొప్పులంటే ఒప్పుకునేది కాదు.

"ఒళ్లంతా అంటే మందు లేదు. ఏడ నొస్తాందో వేలు పెట్టి చూపియ్యి."

మా స్త్రీల సమాజంలో వారానికొక ఇంట్లో కూడిక జరుగుతుంది. పాటలు, వాక్యం అయ్యాక ఒక్కొక్కరే లేచి తమ ప్రార్థన మనవి చెప్పాలి. కొడుకు ఉద్యోగం, కోడలి కాన్పు, మోకాళ్ల నొప్పి, ఏదైనా సరే. ఎదురింటి టైలరమ్మకు నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు. లేచి, "అక్క చెప్పిందే నాది గూడ" అని కూర్చోబోయేది. మేనత్త కూర్చోనిచ్చేది కాదు. "అక్క కష్టం అక్కది. నీది నువ్వు చెప్పు. దేవునికి తెల్వదని గాదు, నీ నోటితోని వినాలె" అనేది. పాపం ఆ టైలరమ్మ చీర కొంగు నలుపుతూ నిలబడే ఉండేది.

నిరుడు వానలకు గల్లీలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. మేనత్త తమ్మీ అని పిలిచే పక్కింటి నేతగాడు, మా అందరికీ నేత తమ్ముడు, అతని మగ్గం గుంట అందరికంటే ముందు నిండింది. సగం నేసిన జంపఖానా తడిసి రంగులు కలిసిపోయింది. ఆ వానలు తగ్గాక ఒక సర్కారు విభాగం తమ పేజీలో వాన నీటి విధానం ముసాయిదా పెట్టింది. జనం తమ అభిప్రాయాలు కామెంట్లలో చెప్పాలని కోరింది. గల్లీల్లో తెరిచి ఉన్న చిన్న మోరీలన్నిటినీ సిమెంటు పలకలతో శాశ్వతంగా మూసేస్తామన్నది అందులోని మాట. దోమలు పోతాయి, వాసన పోతుంది. నాకూ బాగానే అనిపించింది.

మేనత్తకు అనిపించలేదు. మగ్గాల నుంచి వచ్చే నూలు పీచు, ప్లాస్టిక్ కవర్లు కలిసి ఆ మోరీ ఊరికే పూడుకుపోతుంది. వానలకు ముందు ఎవరి ఇంటి ముందు వాళ్లు వెదురు కర్రతో కెలికి తీసుకుంటారు. పూర్తిగా మూసేస్తే ఎక్కడ కెలకాలి? మూయనీ, కానీ ఇంటింటి ముందు తెరిచి మూసే మూత ఒకటి ఉండాలన్నది ఆమె పట్టు. ఆ పోస్టును గ్రూపులో పెట్టి, "అందరు చూసి జవాబియ్యున్రి" అని రాసింది.

అందరూ ఇచ్చారు. మా గ్రూపులో పెద్దవాళ్లు ఏది పెట్టినా చూశామనడానికి గుర్తుగా ఒక లైకు, ఒక దండం పెట్టడం అలవాటు. పెట్టకపోతే మర్యాద కాదు. ఆ మర్యాదతోనే మనవాళ్లంతా సర్కారు పేజీలోకి వెళ్లి లైకు కొట్టి దండాలు పెట్టి వచ్చారు. కొన్నాళ్లకు ఆ పేజీలో జనాభిప్రాయం సారాంశం వచ్చింది. మా గల్లీవాళ్లు మోరీలు మూసే ప్రతిపాదనను పెద్ద ఎత్తున స్వాగతించారట! వాళ్లను మాత్రం ఏమనగలం, దండాల్లో వెదురు కర్ర కనబడదు కదా.

మేనత్త నాకు ఫోన్ చేసింది.

"అల్లుడా, మనోళ్లు దండం బెట్టి మరీ మోరీ మూయించుకున్నరురా."

నేను నవ్వాను. టక్కున ఫోన్ పెట్టేసింది.

ఆ వారం కూడికలో పాట కూడా పాడనివ్వలేదని పాస్టరమ్మ గారు ఇప్పటికీ చెబుతారు. ముసాయిదా మీద మళ్లీ కామెంట్లు తీసుకుంటున్నారు కాబట్టి, ఈసారి మనవి చెప్పినట్టే చెప్పాలని మేనత్త తీర్పు ఇచ్చేసింది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడి, తమ ఇంట్లో ఏం జరిగిందో తమ మాటల్లో చెప్పాలి. అక్క చెప్పిందే నాది కూడా అనకూడదు. ఆ వీడియోను ఎవరి ఫోన్ నుంచి వాళ్లే పంపాలి. ఫోన్ లేనివాళ్లకు తన ఫోన్ ఇచ్చింది.

నేత తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"నేను మీ కూడికల లేను గదక్కా" అన్నాడతను మొహమాటంగా.

"నీ గుంటల నీళ్లు ఏ దేవుణ్ణి అడిగి వచ్చినయ్ తమ్మీ? జర గీడ కూసొని మాట్లాడు" అంది.

వీడియోల కింద వాళ్ల మాటలను టైపు చేయడం నా పని. లెక్చరర్ని కదా, టైలరమ్మ వీడియో కింద మురుగునీటి పారుదల వ్యవస్థ అని ఏదో రాశాను. మేనత్త ఫోన్ దూరంగా పట్టుకుని చదివి మొహం మాడ్చుకుంది.

"ఆమె అన్నది గిదేనా? బియ్యం డబ్బా తేలుకుంట మంచం కిందికి పోయింది అన్నది. గదే రాయి."

రాశాను. ఆ తర్వాత ఏ మాటా దిద్దలేదు.

అన్నీ పంపాక ప్రతి దాని కింద ఒకటే జవాబు వచ్చింది. మీ అభిప్రాయం నమోదైంది, ధన్యవాదాలు. ఆ జవాబు వచ్చినప్పటి నుంచి మేనత్తకు సాయంత్రం గంట కూడా కూర్చోబుద్ధి కాలేదు. కుర్చీలోంచి లేచి మోరీ వెంట ఆ చివరికి వెళ్లి, పేజీ తెరిచి చూసి, మళ్లీ వచ్చేది. మబ్బు పట్టిందంటే నాకు ఫోన్.

"చదివిన్రంటవా అల్లుడా, లేకుంటే వాళ్లు గూడ మనలెక్క చూసి దండం బెట్టిన్రా?"

ఫికర్ చేయకత్తా అనేవాడిని. ఆ మాట అన్నందుకు కూడా తిట్టేది.

సమాధి కార్యక్రమం రోజు నేను ఒక్కచోట నిలబడలేకపోయాను. పెట్టె దింపుతుంటే అందరూ మట్టి వేశారు. నేను వేసి, చెయ్యి దులుపుకుని, అలవాటుగా ఫోన్ తీసి ఆ పేజీ చూశాను. ఏమీ లేదు. నేత తమ్ముడు నా భుజం పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు నాకూ వచ్చింది ఏడుపు.

తర్వాత ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. మేనత్త ఫోన్ నా జేబులోనే ఉంది. పాట మధ్యలో అది మోగింది. ఆ విభాగం పేజీ నుంచి మేనత్త వీడియో కింద జవాబు. "మీ గల్లీ వీడియోలు చూశాం. మూతలు ఎక్కడ కావాలో మా ఇంజనీరు వచ్చినప్పుడు చూపించగలరా?"

ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. నాలుగు రోజుల ముందు వస్తే ఏం పోయేది? ఆమె లేరు అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్లీ టైపు చేసి మళ్లీ చెరిపాను. చివరికి లేచి పైకి చదివాను. మేనత్త ఉంటే ఈపాటికి వాకిట్లో ఉండేది.

టైలరమ్మ లేచింది. కొంగు నలపడం లేదు.

"రమ్మనున్రి సారూ. ఏడ నొస్తాందో ఎవరి ఇంటి ముందట వాళ్లం వేలు పెట్టి చూపిస్తం."

రండి, చూపిస్తాం అని మేనత్త ఫోన్ నుంచే రాశాను.

ఆ వారంలోనే ఒకరోజు ఇంజనీరు పొద్దున్నే సున్నం డబ్బాతో వచ్చాడు. మంచివాడే, కానీ తొందరలో ఉన్నాడు. గల్లీ పొడుగునా ఎవరి గడప ముందు వాళ్లు నిలబడి మోరీ మీదికి వేలు చూపించారు. ఒకామె కెలికే కర్ర ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పింది, నేత తమ్ముడు పీచు ఎక్కడ ముడిపడుతుందో చెప్పాడు. అతను ఒక్కో చోట సున్నంతో గీత పెడుతూ వచ్చాడు. మేనత్త ఇల్లు తాళం వేసి ఉంది. చూసి దాటబోయాడు.

"సార్, గీడ గూడ" అంది టైలరమ్మ.

"ఇక్కడ ఎవరుంటారమ్మా?"

నేత తమ్ముడు వెళ్లి వరండాలోంచి నీలం కుర్చీ తెచ్చి మోరీ పక్కన, అది ఎప్పుడూ ఉండే చోట వేశాడు. ఇంజనీరు కుర్చీని చూశాడు, మా మొహాలు చూశాడు, వంగి దాని కాళ్ల పక్కనే గీత పెట్టాడు.

"నేను మాట ఇవ్వలేను. మా వాళ్లు వచ్చి గీతలను ఫోటోలు తీసుకుంటారు, అవి పైకి పోతాయి. అందాకా చెరగనివ్వకండి" అని చెప్పి బండెక్కాడు.

బండి మలుపు తిరగకముందే చినుకులు మొదలయ్యాయి. పొడి సున్నం, రెండు చినుకులు గట్టిగా పడితే చాలు. ఆడవాళ్లంతా లోపలికి పరుగెత్తి చేతికందింది తెచ్చి గీతల మీద బోర్లించారు. ఒకరు తట్ట, ఒకరు టబ్బు, టైలరమ్మ ఆ బియ్యం డబ్బా. నేను నీలం కుర్చీని మేనత్త గీత మీదికి జరిపి, అందులో కదలకుండా కూర్చున్నాను. వాన పెద్దదయింది. ఫోటోలు తీసేవాళ్లు ఇంకా రాలేదు.