కుట్టు లోపల గుడ్డ

మా వదిన దర్జీ. పేటంతా కత్తెరక్క అంటారు. పోయిన ఎన్నికల్లో కౌన్సిలరుగా గెలిచినా మిషను మాత్రం వదల్లేదు. పిల్లల గౌను ఏది కుట్టినా లోపల కాస్త గుడ్డ వదులుతుంది, ఎదిగితే విప్పుకోవచ్చని. "గుడ్డ దండగ" అని నేను సణుగుతూనే ఉంటాను. పక్క మిషను నాదే మరి.

ఈ ఏడు మేయరు తెచ్చిన బడ్జెట్టులో మా పేట పసిపిల్లల కేంద్రం లేదు. ఊరి నడిబొడ్డున రంగుల దీపాల ఫౌంటెను మాత్రం ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పాప పగలంతా ఆ కేంద్రంలోనే ఉంటుంది. అది మూతపడితే నా మిషనుకూ ముసుగే.

కౌన్సిల్లో వదిన లేచి కేంద్రాన్ని చేర్చమంది. చేర్చే అధికారం మేయరుదేననీ, కౌన్సిలు ఖర్చులు తగ్గించగలదు, అంతేననీ కార్యదర్శి చెప్పాడు.

"కత్తిరించడమేగా? నాకు చేతనైందీ అదే," అంది వదిన.

మిగతా సభ్యులు ఫౌంటెను మొత్తం ఎగరగొడదామన్నారు. వదిన వాళ్ళను ఒప్పించి, దీపాల ఖర్చు ఒక్కటే కొట్టేయించింది. ఇంటికొచ్చాక నేను ఊరుకుంటానా!

"ఆ మేయరు మీద అంత జాలెందుకు వదినా?"

"జాలి కాదే పిచ్చిమొహమా. మొత్తం కోసేస్తే ఆయన మూతి ముడుచుకుని కూర్చుంటాడు. మిగిలిన డబ్బు మనం ఇంకోచోట పెట్టలేం. కాస్త ఆశ మిగిలితేనే కదా మాటకొస్తాడు."

నేను నమ్మలేదు. ఆ మేయరు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. కేంద్రంలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ బొమ్మలు మూటగట్టడం మొదలుపెట్టింది. అది చూసి నేను ఏడ్చాను.

ఆ వారమే మేయరు మా కొట్టుకొచ్చాడు. స్టూలు మీద కూర్చుని, "దీపాల్లేని ఫౌంటెను చూసి జనం నవ్వుతారమ్మా," అన్నాడు.

"కేంద్రం లేకపోతే తల్లులు ఏడుస్తారు సార్. సవరణ పెట్టాల్సింది మీరు, చెయ్యెత్తాల్సింది మేం. కేంద్రం, దీపాలు రెండూ కలిపి తీసుకురండి. దీపాలు కాస్త తగ్గించుకోండి, చాలు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. సవరణ వచ్చింది, నెగ్గింది. ఆయమ్మ మూట విప్పింది.

అయినా అది ఒక్క ఏడాది మాటే. మళ్ళీ బడ్జెట్టుకు మళ్ళీ మొదలు. నా గుండెల్లో ఆ గుబులు పోలేదు. నిన్న వదిన మా పాప కేంద్రానికి వేసుకెళ్ళే గౌను కుడుతూ, అంచు లోపల ఎప్పటికన్నా ఎక్కువ గుడ్డ మడిచింది.

"అంత ఎందుకు వదినా?"

"వచ్చే ఏడూ అక్కడికేగా వెళ్ళేది," అంది తలెత్తకుండానే.

ఈసారి దండగని నేను అనలేదు.