అమీర్‌పేట మేడమీది పిలాటీస్ గది

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఒకమ్మాయి నా చేతిలో రంగు కాగితం పెట్టింది. అక్కడ కాగితాలు పంచేవాళ్లు మామూలుగా నాబోటివాళ్ల వంక చూడరు, ఆ కంప్యూటర్ కోర్సుల కాగితాలన్నీ ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలకే. అందుకే ఆశ్చర్యపడి కళ్లజోడు పెట్టుకుని చూస్తే, పంజాగుట్టలో కొత్తగా తెరిచిన పిలాటీస్ వ్యాయామాల స్టూడియో ప్రకటన. ఆ మాట చదవగానే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూశారేమోనని కాగితం మడిచి సంచిలో పడేసుకున్నాను.

నా ఈడు ఆడవాళ్లకు చెబుతున్నాను గనుక దాచకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. రెండో కాన్పు నుంచీ నాకొక బాధ ఉండేది. గట్టిగా దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం ఆగేది కాదు. ఎర్రమంజిల్ ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ముదురురంగు చీరలే కట్టాను, మంచినీళ్లు తాగడం తగ్గించాను, జలుబు చేస్తే సెలవు పెట్టాను. తోటివాళ్లు సినిమాకు పిలిస్తే, అందులోనూ అది నవ్వించే సినిమా అయితే, తలనొప్పి అని తప్పించుకునేదాన్ని. మావారికి కూడా చెప్పలేదు. లోకంలో ఇంకెవరికీ లేని రోత నాకొక్కదానికే పట్టిందని నమ్మాను.

రిటైరయ్యాక నడుంనొప్పి వచ్చింది. అది నలుగురికీ చెప్పుకోదగ్గ జబ్బు కనుక అందరికీ చెప్పాను, దాంతో మా అమ్మాయి ఎక్కడో విచారించి, మా వెనక సందులో కర్రీ పాయింట్ మేడమీద నడిచే పిలాటీస్ క్లాసులో చేర్పించింది. మావారికి ఆ పేరు సరిగ్గా వినబడక, ఈ వయసులో నీకు పైలట్ ట్రైనింగ్ ఏంటి, బేగంపేటలో విమానాలు కూడా ఆగిపోయాయి కదా అని, తన హాస్యానికి తనే చాలాసేపు నవ్వుకున్నారు.

అది స్టూడియో అంటే స్టూడియో, హాలంటే హాలు. ఒక గోడ నిండా అద్దం, నేలమీద మెత్తటి మ్యాట్లు, మూలన స్ప్రింగులు బిగించిన ఒకే ఒక్క మంచం, కింద నుంచి పోపు ఘాటు. నేర్పే అమ్మాయి మా అమ్మాయి కంటే చిన్నది. వచ్చేవాళ్లందరూ చుట్టుపక్కల ఆడవాళ్లే. నేను ట్రాక్‌ప్యాంటు మీద చీర చుట్టుకుని వెళ్లి, అక్కడ తలుపు చాటున చీర విప్పి, అద్దంలో నన్ను నేను చూసుకోకుండా చివరి మ్యాట్ మీద కూర్చునేదాన్ని. పొత్తికడుపు కింది కండరాల్ని లోపలికి, పైకి లాగండి అని ఆ పిల్ల చెబుతుంటే, ఆ కండరాలు ఎక్కడున్నాయో అడగడానికి సిగ్గేసి, లాగినట్టు ముఖం పెట్టేదాన్ని.

నా పక్క మ్యాట్ ఎప్పుడూ ఒకావిడది. మా వీధి చివర ఆవిడకు పిండిమర ఉండేది, దాన్ని తను గిర్ని అనేది. నన్ను అక్కా అని పిలిచేది కనుక నేను మనసులో గిర్ని చెల్లెలని పేరు పెట్టుకున్నాను. గొప్ప మాటకారి. ఒకరోజు అందరం వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తి ఉండగా, అద్దంలో మా వరసను చూసి, కోళ్ల దుకాణంల ఏలాడదీసినట్టున్నం గదనే అంది. గది గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆపుకోవాలని అనుకునేలోపే అయిపోయింది.

మిగతావాళ్లు లేచి నీళ్లు తాగుతున్నారు, నేను కళ్లు తిరుగుతున్నాయని పడుకునే ఉన్నాను. వాళ్లు అటు తిరిగిన అదను చూసి చీర చుట్టుకుని, ఆ మ్యాట్‌ని చుట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగేశాను. చెప్పులు కూడా వేసుకోలేదు. ఇంటికొచ్చి బాత్‌రూమ్ తలుపేసుకుని కడిగిందే కడిగాను. బాల్కనీలో ఆరేస్తే ఎవరిదని అడుగుతారని వాషింగ్ మెషీన్ వెనక నిలబెట్టాను. ఆ పిల్ల ఫోన్ చేస్తే తీయలేదు. ఆ మ్యాట్ వాసన, దాని వెనకే నా కథ, వీధంతా పాకిపోయినట్టు కలలొచ్చేవి.

కొద్దిరోజులకు గిర్ని చెల్లెలు నా చెప్పులు సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. మావారు ఎదురుగా పేపరు చదువుతున్నారు. ఈవిడ అక్కడే నోరు విప్పుతుందేమోనని నా ప్రాణాలు పోయాయి. వంటింట్లోకి తీసుకెళ్లగానే, మ్యాట్ తిరిగి ఇచ్చేస్తానండీ అని గబగబా అన్నాను.

"మ్యాటు కోసం రాలేదక్కా," అంది ఆవిడ గొంతు తగ్గించి. "నువ్వు పోయినంక మేడం మమ్ముల కూసోబెట్టి అడిగింది. నీ పేరు తియ్యలే. దగ్గితే, నవ్వితే ఎవరికన్న ఆగకుంట అయితదా, చెయ్యెత్తుండ్రి అన్నది. చెయ్యెత్తనోళ్లే తక్కువ."

నేను వంటింటి తలుపు దగ్గరికి వేశాను.

"నాకు సుత గంతే. చిన్నోడు పుట్టిన సంది. గిర్నిల దగ్గొస్తే గోధుమ మూట మీద కూసుంట. జర నీ ఒక్కదానికే అయినట్టు ఫికర్ చెయ్యకు. రేపు రా."

వెళ్లాను. ఎవరి ముఖమూ చూడలేక తలొంచుకునే వెళ్లాను. ఆ కండరాలు ఎక్కడుంటాయో, ఎలా పట్టి వదలాలో, ఆ పిల్ల ఈసారి బొమ్మ గీసి మరీ చెప్పింది. నెలలు గడిచాక తుమ్ము వస్తే భయపడటం మానేశాను. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, చాలావరకు పోయింది. సిగ్గు మాత్రం పోలేదు. వాళ్లందరూ బాగా తెలిసినా, క్లాసు అయ్యాక ఆ విషయం మాట్లాడుకుంటుంటే నేను మాత్రం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చునేదాన్ని.

తర్వాత ఆ భవనం అమ్మేశారు, గది పోయింది. గిర్ని చెల్లెలు కొడుకుతో ఊరి శివారుకు మారిపోయింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా తల్లులైన పిల్లలు ఈ సంగతి లిఫ్ట్‌లోనే, కూరగాయల ధర మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడుకుంటారు. నేను అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడతాను. వాళ్లను చూస్తే మా అమ్మ గుర్తొస్తుంది. అమ్మకు మేం ఆరుగురం. ఇంట్లో ఎవరైనా హాస్యమాడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబుక్కున లోపలికి వెళ్లిపోయేది, ఎంత మర్యాదస్తురాలో చూసి నేర్చుకోండని బంధువులు మా ఆడపిల్లలకు చెప్పేవాళ్లు. మేం నేర్చుకున్నాం కూడా. అమ్మ మనసారా గట్టిగా నవ్వితే ఎలా ఉండేదో, మా ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు.