రెండో గంట

యేసుదానం గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద గంట కొట్టే మనిషి. కార్మికులను దించే లిఫ్టు కదులుతుండగా అతను ఒక్క గంట కొడితే చాలు, ఇంజను డ్రైవరు ఎక్కడిదక్కడ ఆపేస్తాడు. రెండు కొడితే కిందికి దించుతాడు.

డెబ్బై ఒకటిలో కంపెనీ ఫస్ట్ ఎయిడ్ పోటీలకు పంపితే హైదరాబాదులో మొదటిసారి విమానం ఎక్కాడు. అది నేల మీద ఉరుకుతూ వేగం అందుకుంది. ఇక లేస్తుందనగా కుడిపక్క ఢామ్మని పేలింది. అటువైపు రెక్క మీది ఇంజను పంకా నిలిచిపోయింది. యేసుదానానికి పైప్రాణాలు పైనే పోయాయి. పక్కగోడను పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు.

విమానం ఆగలేదు.

మళ్లీ గుద్దబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండో గంటంటే కిందికి దించమని కదా! అప్పటికే ఒరుగుతూ, మూలుగుతూ అది గాల్లోకి లేచింది. చుట్టు తిరిగి వచ్చి, మెల్లగా అక్కడే దిగింది.

"ఆపుమని కొట్టిన గద సార్, ఆపలేదేంది?" అని పైలట్‌ను నిలదీశాడు.

"అంత వేగం మీద ఆపబోతే రన్‌వే చాలదు, పెద్దాయనా. గోడకు గుద్దుకుంటాం. ఉన్న ఒక్క ఇంజనుతో లేవాల్సిందే."

తర్వాత బాయి మీద ఒక్క గంట కొట్టినప్పుడల్లా, లిఫ్టు నిలిచేదాకా అతనికి ఊపిరాడేది కాదు.